వియాండెన్ కోటకు వెళ్తున్నారా? ముందు ఊళ్లోకి వెళ్లండి

లక్సెంబర్గ్ వచ్చే మనవాళ్లలో చాలామంది రాజధానిలో ఒక పూట తిరిగి, వంతెన మీద నాలుగు ఫోటోలు దిగి, సాయంత్రానికి బ్రస్సెల్స్‌కో ఫ్రాంక్‌ఫర్ట్‌కో బయల్దేరిపోతారు. ఇంకొక్క రోజు మిగుల్చుకోగలిగితే ఉత్తరాన జర్మనీ సరిహద్దును ఆనుకుని ఉన్న వియాండెన్ చూడండి. సుమారు రెండు వేల మంది ఉండే ఊరు. మధ్యలో నది, నదికి రెండు వైపులా ఇళ్లు, నెత్తిన కోట. నది పేరు ఊర్. ఊరి మధ్య పారే నదికి ఇంతకన్నా మంచి పేరు మనం కూడా పెట్టలేం.

నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి బస్సు దిగీ దిగగానే కోటకు పరుగెత్తి, గంటలో చూసేసి, "బాగుంది కానీ గదులన్నీ ఖాళీగా ఉన్నాయేంటి" అనుకుంటూ వెనక్కి వచ్చేశాను. రెండోసారి అమ్మానాన్నలతో వెళ్లి దారి తప్పు ఎంచుకున్నాను. ఆ కథ కింద చెప్తాను. మూడోసారి గానీ ఈ ఊరిని ఏ వరసలో చూడాలో తెలియలేదు. మీకు ఆ మొదటి రెండు ప్రయాణాలు మిగలాలనే ఇది రాస్తున్నాను.

బయల్దేరే ముందు: ఈ కథ ఒకసారి చదువుకోండి

కథ తెలియకపోతే ఆ కోట మీకు సినిమా సెట్టులాగే కనిపిస్తుంది. గోడలు నున్నగా, కప్పులు సరిగ్గా, అన్నీ నిన్న కట్టినట్టు ఉంటాయి. గోల్కొండ, గండికోట చూసి పెరిగిన కళ్లకు కోట అంటే కప్పు లేని గోడలు, గడ్డి మొలిచిన బురుజులు. ఇక్కడ ఆ పాతదనం కనపడక మొదట కాస్త అనుమానం వస్తుంది.

ఆ అనుమానంలో సగం నిజం ఉంది. కొండ మీద రోమన్ల కాలం చివర్లోనే ఒక చిన్న దుర్గం ఉండేది. ఇప్పుడు కనిపించే కోటను 11 నుంచి 14వ శతాబ్దం మధ్య వియాండెన్ కౌంట్లు, అంటే ఆ ప్రాంతపు ప్రభువులు, విడతలు విడతలుగా కట్టించారు. 1417లో కోట నస్సావు వంశం చేతికి వచ్చింది. వాళ్ల అసలు కాపురం వేరే చోట. ఇక్కడ వాళ్ల తరఫున అధికారులు ఉండి చూసుకునేవారు. యజమాని లేని ఇంటికి ఏ గతి పడుతుందో మనకు తెలిసిందే.

అసలు దెబ్బ 1820లో తగిలింది. నెదర్లాండ్స్ రాజు మొదటి విలియం అప్పట్లో లక్సెంబర్గ్‌కు కూడా అధిపతి. ఆయన ఈ కోటను ఊళ్లోని వెంజెల్ కోస్టర్ అనే వ్యాపారికి 3,200 ఫ్లోరిన్లకు అమ్మేశాడు. కొన్నవాడు అందులో కాపురం పెట్టలేదు. కప్పు విప్పాడు, దూలాలు ఊడదీశాడు, తలుపులు, కిటికీలు విడివిడిగా అమ్ముకున్నాడు. పాత ఇల్లు కొని కలపకు కలప, ఇనుముకు ఇనుము లెక్కగట్టి అమ్ముకునే బేరం మన ఊళ్లలో చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఇక్కడ ఇల్లు బదులు కోట, అంతే. కొన్నేళ్లకు 1827లో రాజే ఆ మొండి గోడలను తిరిగి కొన్నాడు. కప్పు లేని రాతిగోడను వాన, మంచు ఎంత తొందరగా తినేస్తాయో ఆ చలిదేశంలో మరీ బాగా కనపడుతుంది.

ఆ తర్వాత నూటయాభై ఏళ్లు అక్కడో మరమ్మతు, ఇక్కడో మరమ్మతు తప్ప పెద్ద పని జరగలేదు. కోట లక్సెంబర్గ్ గ్రాండ్ డ్యూక్ కుటుంబం సొంత ఆస్తిగా ఉన్నంతకాలం అంత ఖర్చు పెట్టే దారి లేదు. 1977లో గ్రాండ్ డ్యూక్ జాన్ దాన్ని ప్రభుత్వానికి అప్పగించాక పని ఊపందుకుంది. కూలిన గోడలు లేపారు, కప్పులు వేశారు. అంటే మీరు చూడబోయే గోడల్లో చాలావరకు ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్లవి. కప్పులు మాత్రం మీకన్నా, నాకన్నా ఓ పదేళ్లు అటూ ఇటూ. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు. ప్రతి గదిలో "ఏది పాతది, ఏది కొత్తది" అని వెతుక్కోవడంలోనే అసలు సరదా ఉంది.

రోజు ఎంచుకోవడం

కోట దాదాపు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. పొద్దున పదింటికి తెరుస్తారు. మూసే వేళ మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది: చలికాలంలో నాలుగుకే, వేసవిలో ఆరు దాకా. మూసే ముందు చివరి అరగంట, ముప్పావుగంటలో లోపలికి పంపరు. క్రిస్మస్, కొత్త సంవత్సరం మొదటి రోజు లాంటివి సెలవులు. టికెట్ ధర, ఆ రోజు వేళలు కోట వెబ్‌సైట్‌లో ముందు రోజు రాత్రి చూసుకోండి. ఎవరో రాసిన పాత ధర నమ్ముకుని వెళ్తే గేటు దగ్గర చికాకు తప్ప మిగిలేదేం ఉండదు.

నన్నడిగితే మే, జూన్, సెప్టెంబరు. ఎండ ఉంటుంది, జనం తక్కువ. వేసవి సెలవుల్లో కోటలో మధ్యయుగాల జాతర పెడతారు. కత్తియుద్ధాలు, పాటలు, చేతిపనుల అంగళ్లు. పిల్లలుంటే అప్పుడే వెళ్లండి, లేకపోతే ఆ వారం మానుకోండి. తోపులాటలో కోట కనపడదు.

ఇంకొకటి, అక్టోబరు రెండో ఆదివారం. ఆ రోజు ఊళ్లో అక్రోటు కాయల సంత. వీధి పొడవునా బుట్టల్లో కాయలు, అక్రోటు రొట్టె, అక్రోటు కేకు, అక్రోటు సారా. జనం విపరీతంగా వస్తారు, కారు పెట్టడానికి చోటు దొరకదు. అయినా ఊరిని ఊరిగా చూడాలంటే నేను ఆ రోజుకే ఓటేస్తాను. కోటను ఇంకోసారి చూడొచ్చు.

చలికాలంలో, ముఖ్యంగా జనవరి, ఫిబ్రవరిలో, ఊళ్లో సగం హోటళ్లు మూసి ఉంటాయి. కోట మంచులో ఎంత అందంగా ఉన్నా మధ్యాహ్నం వేడిగా తినడానికి ఏమీ దొరక్కపోతే అందం కడుపు నింపదు.

ప్రయాణం: టికెట్ కౌంటర్ కోసం వెతకకండి

లక్సెంబర్గ్‌లో 2020 మార్చి నుంచి బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు అందరికీ ఉచితం. ఆ దేశస్థులకే కాదు, మనలాంటి చుట్టపుచూపు వాళ్లకు కూడా. టికెట్ లేదు, కార్డు లేదు, ఎక్కి కూర్చోవడమే. మా అమ్మ ప్రయాణమంతా "ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్తావురా" అని టెన్షన్ పడుతూనే ఉంది. ఎవరూ అడగలేదు. మొదటి తరగతి పెట్టెకు మాత్రం డబ్బు కట్టాలి, కాబట్టి పెట్టె మీద అంకె చూసి ఎక్కండి.

రాజధాని రైల్వే స్టేషన్ నుంచి ఉత్తరం వైపు వెళ్లే రైలెక్కి ఎటెల్‌బ్రూక్‌లో దిగండి. సుమారు అరగంట. స్టేషన్ బయటే బస్సులు ఆగుతాయి. అక్కడి నుంచి వియాండెన్ ఇంకో అరగంట. బస్సు నంబర్లు మారుతుంటాయి కాబట్టి ప్రభుత్వ రవాణా యాప్‌లో ఆ రోజు చూసుకోండి. ఆదివారాలు బస్సులు పలచబడతాయి. వెళ్లేటప్పుడే తిరుగు బస్సు వేళలు ఫోటో తీసి పెట్టుకోండి.

జర్మనీ నుంచి వస్తున్నవాళ్లకు ట్రియర్ దగ్గర. అయితే సరిహద్దుకు అవతలి భాగానికి టికెట్ కొనాలి. ఉచితం అన్నది లక్సెంబర్గ్ గడ్డ మీదే. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంగెన్ వీసా చాలు, విడిగా ఏమీ అక్కర్లేదు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు నివాస కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా జేబులో పెట్టుకోండి. సరిహద్దు కనపడదు గానీ అప్పుడప్పుడు పోలీసులు ఆపి చూస్తుంటారు.

కారులో వస్తే కింద, నది దగ్గరే పెట్టేయండి. పైకి తీసుకెళ్లి చోటు కోసం తిరిగి తిరిగి మళ్లీ కిందికే వచ్చినవాళ్లలో నేనొకణ్ణి.

కాళ్లకేం వేసుకోవాలి

ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ రోజంతా దీని మీదే నడుస్తుంది. ఊళ్లో వీధి రాళ్లు పరిచిన వీధి, అదీ ఎక్కుడు. వాన పడితే జారుతుంది. పట్టున్న బూట్లు వేసుకోండి. అమ్మలు చెప్పులతో, చీరతో వస్తామంటే చీర సరే, చెప్పులు మాత్రం వద్దనండి. తిరుమల మెట్లెక్కిన కాళ్లకు ఇదో లెక్క కాదు గానీ, తిరుమలలో మెట్టు మెట్టులా ఉంటుంది. ఇక్కడ రాయి రాయిలా ఉంటుంది.

వేసవిలో కూడా ఒక స్వెటర్ పెట్టుకోండి. రాతి గోడల మధ్య లోపల చల్లగా ఉంటుంది. చంటిపిల్లల బండి కోటలో పనికిరాదు, ప్రతి మలుపులో మెట్లే. పిల్లను వీపునో పొట్టకో కట్టుకునే సంచి తెచ్చుకోండి.

బస్సు దిగాక: పైకి చూడండి, ఎక్కకండి

బస్సు దిగగానే కోట ఎదురుగా కనపడుతుంది. కాళ్లు అటే లాగుతాయి. ఆపుకోండి. ముందు వంతెన దగ్గరికి నడవండి.

వంతెన మీద నేపోముక్ యోహాను అనే క్రైస్తవ పునీతుడి విగ్రహం ఉంటుంది. ఆయన్ను 1393లో ప్రాగ్ నగరంలో నదిలో తోసి చంపారు. అందుకే యూరప్‌లో ఎన్నో వంతెనలకు ఆయనే కాపలా. మన పొలిమేరలో పోలేరమ్మ ఉన్నట్టు. అక్కడే ఇంకో తల కనిపిస్తుంది, గడ్డంతో. అది ఫ్రెంచ్ రచయిత విక్టర్ హ్యూగోది, మలిచింది శిల్పి రొడాన్. ఆ తల ఎదుటి ఇంటి వైపు చూస్తుంటుంది. ఆ ఇంట్లోనే హ్యూగో 1871 వేసవిలో ఉన్నాడు.

పారిస్‌లో ఆ ఏడాది కమ్యూన్ తిరుగుబాటును, అంటే నగర పాలనను తమ చేతుల్లోకి తీసుకున్న జనాన్ని, సైన్యం అణచివేసింది. పారిపోయి వచ్చినవాళ్లకు నా ఇంట్లో చోటిస్తానని బ్రస్సెల్స్‌లో ఉన్న హ్యూగో బాహాటంగా ప్రకటించాడు. బెల్జియం ప్రభుత్వం ఆయన్ను దేశం నుంచి పంపేసింది. అలా వచ్చి ఈ చిన్న ఊళ్లో దాదాపు రెండున్నర నెలలున్నాడు. అంతకుముందు కూడా ఈ ఊరికి వచ్చి చూసి వెళ్లినవాడే.

ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. చిన్నది, అరగంటలో అయిపోతుంది. హ్యూగో రాతలంటే ఆసక్తి లేనివాళ్లు దీన్ని వదిలేస్తుంటారు. వదలకండి. హ్యూగో మంచి చిత్రకారుడు కూడా. ఆయన గీసిన బొమ్మల్లో ఈ కోట ఉంటుంది, శిథిలంగా. కప్పు లేదు, గోడల మధ్య నుంచి ఆకాశం. అది బాగా చూసి, ఆ తర్వాత కిటికీ దగ్గరికో వాకిలి దగ్గరికో వచ్చి తలెత్తి కొండ మీదికి చూడండి. అదే కోట, కప్పుతో. మొదటిసారి నేను కోల్పోయింది ఈ క్షణమే. శిథిలాన్ని ముందు చూడకపోతే, పైన వాళ్లు చేసిన పని ఎంతో అర్థం కాదు.

ఈ మ్యూజియానికి వారంలో సెలవు రోజు ఉంటుంది, చలికాలంలో వేళలు తక్కువ. కోట తెరిచి ఉందని ఇదీ తెరిచి ఉంటుందనుకోకండి. మూసి ఉంటే, ఊళ్లో అమ్మే పాత ఫోటోల కార్డుల్లో శిథిలం ఉన్నది ఒకటి వెతికి కొనుక్కుని పైకి వెళ్లండి. పని జరుగుతుంది.

పైకి వెళ్లడానికి దారి: మోకాళ్లను అడగండి

నడిచి వెళ్లే దారి సూటిగా ఊరి పెద్దవీధి మీదుగానే. మెల్లగా నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. నది నుంచి కోట దాకా నూరు మీటర్ల ఎత్తు ఎక్కుతాం. దారి పొడవునా ఆగి చూడటానికి సాకులు బోలెడు: ఇళ్ల తలుపుల మీద చెక్కడాలు, కిటికీల్లో పూలకుండీలు, పాత ఊరి గోడ ముక్కలు. ఆయాసపడుతున్నామని ఎవరికీ చెప్పకుండా ఆగొచ్చు.

ఇంకో దారి కుర్చీల రోప్‌వే. దేశం మొత్తానికి ఇది ఒక్కటే. కింద నది దగ్గర ఎక్కితే చెట్ల మీదుగా కోట కన్నా పైకి, సముద్రమట్టానికి 440 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. పై నుంచి కోట, ఊరు, నది వంపు మొత్తం ఒక్క చూపులో కనపడతాయి. ఈ చూపు కోసమైనా ఎక్కాల్సిందే. దీనికి టికెట్ విడిగా ఉంటుంది. ఈస్టర్ ప్రాంతాల నుంచి అక్టోబరు దాకానే నడుస్తుంది, గాలివాన వస్తే ఆపేస్తారు.

ఇక్కడే నేను చేసిన తప్పు. నాన్నకు మోకాళ్ల నొప్పి కదా, ఎక్కుడు తప్పుతుందని రోప్‌వే ఎక్కించాను. పైకి హాయిగా వెళ్లాం. అక్కడి నుంచి కోటకు అడవిలో కాలిదారి. దిగుడు, వేళ్లు, రాళ్లు, పైగా ముందు రోజు వాన. అరిగిన మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే నరకం అని ఆ రోజు తెలిసింది. పావుగంట దారి మాకు ముప్పావుగంట పట్టింది. నాన్న ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. కాబట్టి మోకాళ్ల సమస్య ఉన్నవాళ్లను రోప్‌వేలో పైకి తీసుకెళ్లి, చూపించి, అదే రోప్‌వేలో కిందికి దించండి. కోటకు విడిగా ట్యాక్సీలోనో కారులోనో తీసుకెళ్లి గేటు దగ్గర దింపండి. మీకు మోకాళ్లు బాగుంటే రోప్‌వేలో ఎక్కి, అడవి దారిలో కోటకు దిగి, తర్వాత వీధి మీదుగా ఊళ్లోకి నడవండి. అన్నిటికన్నా మంచి వరస ఇదే.

కోటలో: పాతదేది, కొత్తదేది

ద్వారాలు దాటి లోపలికి నడుస్తుంటే మా నాన్న ఆగి, తలెత్తి కమాను చూసి, గట్టిగా చప్పట్లు కొట్టారు. గోల్కొండ ఫతే దర్వాజా అలవాటు. పైన బాలాహిస్సార్‌లో ఎవరికీ వినపడలేదు గానీ టికెట్ల దగ్గర కూర్చున్న అమ్మాయి బయటికి వచ్చి చూసింది.

లోపల దారి బాణాల గుర్తులతో ఉంటుంది, తప్పిపోరు. గంటన్నర పెట్టుకోండి. అన్ని గదులకూ ఒకే సమయం ఇవ్వకండి. ఆయుధాల గది, కవచాల ముందు పిల్లలు ఆగుతారు, ఆగనివ్వండి. భోజనశాలలో, పడకగదిలో బల్లలు, పెట్టెలు, గోడకు వేలాడే తివాసీలు ఉంటాయి. అవి అందంగానే ఉంటాయి కానీ గుర్తుంది కదా, 1820 తర్వాత ఈ కోటలో తలుపు చెక్క కూడా మిగల్లేదు. అవన్నీ తర్వాత తెచ్చి అమర్చినవి. అందుకే మొదటిసారి నాకు గదులు ఖాళీగా అనిపించాయి. వస్తువుల కోసం వెతికాను, చూడాల్సింది గోడల్ని.

గోడల్ని ఎలా చూడాలి? కిటికీ దగ్గర నిలబడి గోడ మందం చూడండి. చాలా చోట్ల మనిషి చాపిన చేయి కన్నా ఎక్కువ. తర్వాత పైకి చూడండి. దూలం అంచులు పదునుగా, నిటారుగా ఉంటే అది ఇరవయ్యో శతాబ్దపు వడ్రంగి పని. రాతి స్తంభాల తలల మీద చెక్కిన ఆకులు అరిగిపోయి ఉంటే అవి కౌంట్ల కాలానివి. ఒకే స్తంభం మీద ఒక ఆకు అరిగి, పక్కది పదునుగా ఉంటే, ఎక్కడ అతికారో పట్టుకున్నారన్నమాట. పిల్లలకు ఈ ఆట అప్పగించండి, విసుగు అనరు. కోట ఏ శతాబ్దంలో ఎంత పెరిగిందో చూపే నమూనాలు లోపలే ఉంటాయి. వాటి ముందు ఐదు నిమిషాలు ఆగితే ఈ ఆట ఇంకా తేలికవుతుంది.

రెండు చోట్ల మాత్రం తొందరపడకండి.

ఒకటి, బైజాంటిన్ గ్యాలరీ అని పిలిచే పొడవాటి గది. పైభాగం మూడు రేకుల పువ్వులా తీర్చిన పెద్ద కిటికీలు వరసగా ఉంటాయి. ఊర్ నది లోయ మొత్తం వాటిలోంచి కనిపిస్తుంది. కోట అంటే యుద్ధానికే అనుకుంటాం. శత్రువుకు భయపడేవాడు ఇంత పెద్ద కిటికీలు పెట్టడు. ఇది "మా సిరి చూడండి" అని చెప్పడానికి కట్టిన గది.

రెండోది ప్రార్థనాలయం. నా లెక్కలో కోట మొత్తంలో ఇదే గొప్పది. రెండు అంతస్తులు, ఒకదాని మీద ఒకటి. పై అంతస్తు నేల మధ్యలో ఆరు పలకల ఖాళీ, చుట్టూ స్తంభాలు. అందులోంచి వంగి చూస్తే కింది గది కనిపిస్తుంది. పైన దొరలు, కింద సామాన్యులు. పైన జరిగే పూజ కింద నిలబడ్డవాళ్లకు వినపడాలి, కానీ వాళ్లు పైకి రాకూడదు. గుడి గడప దాకా రానిచ్చి ఆపడం గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ దాన్ని రాతిలో లెక్కగట్టి కట్టారు. పైనుంచి చూశాక, దారి ఉంటే కింది గదిలోకి కూడా వెళ్లి, అక్కణ్ణుంచి తలెత్తి చూడండి.

ఇంకొక్క విషయం. ఈ కోట చివరి యుద్ధం కత్తులతో జరగలేదు. 1944 నవంబరు 19న ఊళ్లోని 30 మంది ప్రతిఘటన దళం ఈ గోడల అండతోనే నాజీ వాఫెన్ ఎస్ఎస్ సైనికుల దాడిని తిప్పికొట్టింది. వచ్చినవాళ్లు దాదాపు 250 మంది. నెల తిరక్కుండానే జర్మన్ సైన్యం ఆర్డెన్ దాడితో మళ్లీ వచ్చి ఊరిని పట్టుకుంది. లక్సెంబర్గ్‌లో చివరగా, 1945 ఫిబ్రవరి 12న విముక్తి పొందిన ఊరు వియాండెనే. అప్పటికి ఈ కోటలో చాలావరకు కప్పు లేదు. మధ్యయుగాల మొండి గోడలు తుపాకుల కాలంలోనూ పనికొచ్చాయి.

తిండి

ముందే చెప్తున్నాను, ఇది పంది మాంసం దేశం. జాతీయ వంటకం అని చెప్పుకునేదే పొగబెట్టిన పంది మెడ మాంసం, చిక్కుడు గింజలతో. పచ్చి చిక్కుడుకాయల సూప్ అని కార్డులో ఉన్నా, పిండి ఉండల కూర అని ఉన్నా, అందులో వేపుడు పంది ముక్కలు చల్లి ఉండే అవకాశం ఎక్కువ. శాకాహారులు "వెజిటేరియన్" అని ఊరుకోకుండా "స్పెక్ వద్దు" అని చెప్పండి, ఆ పంది ముక్కల పేరు అదే, వెంటనే అర్థమవుతుంది. గుడ్డు తినేవాళ్లకు గ్రోంపెరెకీషెల్‌షెర్ అనే బంగాళాదుంప బిళ్లలు దొరికితే వదలొద్దు. తురిమిన దుంప, ఉల్లిపాయ, కొత్తిమీర లాంటి ఆకు వేసి నూనెలో వేయిస్తారు. పేరు పలకడం రాకపోతే వేలితో చూపించండి, నేనూ అదే చేస్తాను.

మధ్యాహ్నం రెండు దాటితే చాలా చోట్ల వంటగది మూసేసి మళ్లీ సాయంత్రం ఆరుకు తెరుస్తారు. కోటలో నుంచి ఆకలితో రెండున్నరకు బయటపడితే కేకు, కాఫీయే గతి. కోటకు ముందే తినండి. లేదా మా అమ్మ దారి: పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని తినడం. బాతులు వచ్చి చుట్టూ చేరతాయి. పెట్టకండి, చింతపండు పులుపు వాటికెందుకు. మెతుకులు, అరిటాకు బదులు తెచ్చిన కాగితం ప్లేట్లు అన్నీ ఎత్తి చెత్తబుట్టలో వేయండి. ఊరు అద్దంలా ఉంటుంది, మనవల్ల మచ్చ పడకూడదు.

దుకాణంలోకి అడుగుపెట్టగానే "మోయెన్" అనండి. పొద్దున అయినా సాయంత్రం అయినా పలకరింపు అదే. థాంక్స్‌కు "మెర్సీ". ఈ రెండు మాటలకు వచ్చే నవ్వు ఇంగ్లీషుకు రాదు.

దిగేటప్పుడు: ఊరి వంతు

కోట నుంచి పెద్దవీధి మీదుగానే దిగండి. సగం దారిలో త్రిత్వసన్యాసుల చర్చి ఉంటుంది, 1248 నాటిది. బయటికి సాదాగా కనపడి చాలామంది దాటిపోతారు. లోపల ఒకటి కాదు, రెండు మంటపాలు పక్కపక్కన, మధ్యలో స్తంభాల వరస. ఈ సన్యాసుల పని వింతగా ఉంటుంది: క్రూసేడ్ యుద్ధాల్లో పట్టుబడి బందీలైనవాళ్లను డబ్బు కట్టి విడిపించడం. యుద్ధాలకు వెళ్లి వచ్చిన కౌంట్లే వాళ్లను ఇక్కడికి పిలిచి చోటిచ్చారు. పక్కనే మూసిన వరండాల ఆవరణ. కాళ్లు నొప్పెడుతుంటే కూర్చోవడానికి ఊళ్లో ఇంతకన్నా ప్రశాంతమైన చోటు లేదు.

ఊరికి 1308లోనే కౌంట్ ఫిలిప్ పట్టణ హక్కుల పత్రం రాసిచ్చాడు. అందుకే జనాభా మన మాదిరి పల్లెంత ఉన్నా వాళ్లు దీన్ని పల్లె అంటే ఒప్పుకోరు, పట్టణమే అంటారు. మీరూ అలాగే అనండి. ఒక రాతిగుట్ట మీద ఒంటరిగా నిలబడ్డ గంటల బురుజు దాకా వెళ్లే ఓపిక ఉంటే వెళ్లండి. కోటను దాని ఎత్తులోనే, పక్క నుంచి చూడొచ్చు. ఫోటోకు కింది వంతెన కన్నా ఇదే మంచి చోటు. లేకపోతే కంగారేం లేదు.

టైము ఇంకా ఉంటే నది వెంట ఎగువకు నడవండి. కాస్త దూరంలో ఊర్ నదికి అడ్డంగా ఆనకట్ట. కొండ పైన కట్టిన చెరువుల్లోకి ఇక్కడి నీటిని ఎత్తిపోసి, కరెంటు అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్తు తీస్తారు. 1964లో మొదలైంది, దాదాపు 1,300 మెగావాట్లు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఉన్నవి కూడా ఇలా రెండు వైపులా తిరిగే టర్బైన్లే. కొండ కడుపులో కట్టడమూ అలాంటిదే. ఇంజినీర్లు ఇంట్లో ఉంటే వాళ్లను ఇక్కడి నుంచి కదిలించడం కష్టం, ముందే వేళ చెప్పి తీసుకెళ్లండి.

తిరుగు బస్సు

చీకటి పడ్డాక కోటకు దీపాలు వేస్తారు. వేసవిలో చీకటి పడేసరికి పది అవుతుంది కాబట్టి దాని కోసం ఆగితే రాత్రి ఊళ్లోనే గది తీసుకోవాలి. చలికాలంలో అయితే ఐదింటికే చూసి వెళ్లిపోవచ్చు. ఎటెల్‌బ్రూక్‌లో రైలుకూ బస్సుకూ మధ్య పది నిమిషాలైనా ఉండేలా చూసుకోండి. చివరి బస్సు కాకుండా దాని ముందు బస్సు ఎక్కండి. చివరిది తప్పితే ట్యాక్సీకి అయ్యే డబ్బు రోజంతా మిగిలిన టికెట్ల ఖర్చును మింగేస్తుంది. ఎక్కాక కుడివైపో ఎడమవైపో కిటికీ దగ్గర ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చోండి, రోడ్డు మెలికలు తిరుగుతుంది కాబట్టి కోట రెండు వైపులా వంతులవారీగా కనపడుతుంది.